దత్తమండలము - రాయలసీమ: వాగౌచిత్య విచారము

నంద్యాలకు పడమటి దిక్కున, ఎఱ్ఱమల కొండల నడుమ నున్న యాగంటి క్షేత్రమున కాకులు సంచరింపవని ప్రసిద్ధి. అగస్త్యమహర్షి తపస్సునకు కాకులు విఘ్నము కలిగింపఁగా ఆయన వానిని శపించెననియు, నాఁటినుండి ఆ క్షేత్రమున కాకి కానరాదనియు స్థలపురాణము చెప్పుచున్నది. ఈ కథ యథార్థమా కాదా యను చర్చ యిచ్చట నప్రస్తుతము. పెద్దవాని నోటనుండి వెడలిన మాట ఒక జాతినే ఒక చోటినుండి వెడలఁగొట్టఁగలదను విశ్వాసము జనుల మనస్సులలో ఎంత లోతుగా నాటియున్నదో ఆ కథ తెలుపుచున్నది. పక్షుల విషయమున పురాణము చెప్పినదానినే మనుష్యుల విషయమున చరిత్ర చెప్పుచున్నది. ఒక పేరుచేత ఊరి వెలుపలికి నెట్టఁబడిన వారును, ఒక పేరుచేత దొంగలుగా ముద్రింపఁబడిన వారును, ఒక పేరుచేత ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మాఱిన వస్తువువలె లెక్కింపఁబడిన వారును మన దేశమున కలరు.

ఇతరులను పేర్కొనునపుడు వారి గౌరవమునకు భంగము కలిగింపని మాటలనే వాడవలెనను నియమమునకు ఆంగ్లమున ‘పొలిటికల్ కరెక్ట్‌నెస్’ అను పేరు రూఢమైనది. ఈ పదబంధము 1793లోనే అమెరికా సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులో కనఁబడుచున్నను, అచ్చట దాని యర్థము వేఱు. రాజ్యతత్త్వమునుబట్టి సరియైన మాట యని మాత్రమే దాని తాత్పర్యము. నేఁటి యర్థము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వచ్చినది. వామపక్షమువారు తమలో తాము పరిహాసముగా వాడుకొన్న మాట క్రమముగా ప్రతిపక్షుల చేతిలో నిందావాచకమై, 1991లో అమెరికా అధ్యక్షుఁడు జార్జి బుష్ మిచిగన్ విశ్వవిద్యాలయ సభలో దీనిని విమర్శించునంతటి ప్రచారము పొందినది. తెలుఁగున దీనికి స్థిరమైన పర్యాయపదము లేదు. ఈ వ్యాసమున ‘వాగౌచిత్యము’ అని వ్యవహరింపఁబడును. ఇట్టి ఔచిత్యము నేఁటి సంఘమునకు ఇంకను అవసరమా, లేక అది కాలము చెల్లిన యాడంబరమా యనునదియే ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటకు విదేశములకు పోవలసిన పని లేదు. యాగంటికి సమీపముననే, నంద్యాల పట్టణముననే, ఈ ప్రశ్నకు సంబంధించిన ముఖ్యమైన యుదాహరణ మొకటి కలదు.

పూర్వశాస్త్రమునందలి ఔచిత్యము

ఔచిత్య మను మాట మనకు క్రొత్తది కాదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశీయుఁడగు క్షేమేంద్రుఁడు ఔచిత్యమే కావ్యమునకు జీవితమని ప్రతిపాదించి ‘ఔచిత్యవిచారచర్చ’ రచించెను. ఆలంకారికులు అశ్లీలదోషమును వ్రీడాజనకము, జుగుప్సాజనకము, అమంగళసూచకము అని మూఁడు తెఱఁగులుగా విభజించిరి. ఈ విభాగము పండితుల గ్రంథములకే పరిమితమైనది కాదు. తెలుఁగు గృహములందు నిత్యము వినఁబడునదే. బియ్యము అయిపోయినపుడు గృహిణి ‘నిండుకొన్నవి’ అనును. దీపము ఆఱినపుడు ‘కొండెక్కినది’ అందురు. ఇల్లు వెడలువాఁడు ‘పోవుచున్నాను’ అనక ‘పోయివత్తును’ అనును. లేమిని నిండుదనముగా, పోవుటను వచ్చుటగా చెప్పుట నేర్చిన జాతికి మాటయందలి మెత్తఁదనము పరాయి దేశమునుండి వచ్చిన దనుట సాహసము.

అయినను ఒక భేదము గుర్తింపవలసియున్నది. పూర్వశాస్త్రములు చెప్పిన ఔచిత్యము వక్తయొక్కయు శ్రోతయొక్కయు అంతస్తు ననుసరించునది. నాటకమున రాజులు సంస్కృతము పలుకుటయు, స్త్రీలును భృత్యులును ప్రాకృతము పలుకుటయు ఉచితమని నాట్యశాస్త్ర సంప్రదాయము. అనఁగా ఎవరి స్థానము ఎక్కడనో అక్కడనే వారిని నిలుపుట ఆనాఁటి ఔచిత్యము. నేఁటి వాగౌచిత్యము దీనికి విలోమము. అంతస్తు ఏదైనను మనుష్యుఁడు మనుష్యుఁడే యని మాటయందు ఒప్పుకొనుట దీని లక్షణము. కావున పేరు ఒక్కటియే యైనను ప్రాచీన నవీనములైన యీ రెండు ఔచిత్యములకును గమ్యములు వేఱు.

వ్యాకరణమునందును ఈ అంతస్తుల నీడ కలదు. చిన్నయసూరి 1858లో ప్రకటించిన ‘బాలవ్యాకరణము’ తెలుఁగు నామములను మహత్తులనియు అమహత్తులనియు విభజించినది. స్త్రీలును, తిర్యక్కులును, జడములును కాక మిగిలినవి మహత్తులు. స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతో కలిసి నడచును. బహువచనమున మహత్తులతో చేరును. ‘రాముఁడు వచ్చుచున్నాఁడు’ అనుచు, ‘సీత వచ్చుచున్నది, ఆవు వచ్చుచున్నది’ అని రెంటికిని ఒకటే క్రియారూపము వాడుట దీని ఫలము. సోదరభాషయైన కన్నడమున స్త్రీకి వేఱు ప్రత్యయము కలదు, తెలుఁగున లేదు. ఇది సూరి చేసిన యపరాధము కాదు. ఆయన భాషయందున్న స్థితిని చెప్పెను. వ్యవహర్తలు దీనికి చేసికొన్న పరిష్కారము మిగుల విశేషమైనది. గౌరవింపఁదలఁచిన స్త్రీని గూర్చి వారు ‘వచ్చుచున్నారు’ అని బహువచనము వాడి, ఆమెను మహద్వర్గమున చేర్చుకొనిరి. వ్యాకరణము మాఱకయే గౌరవమునకు దారి దొరకినది. భాషయందు ఇట్టి మార్గములు ఎల్లపుడు కలవనియు, వానిని వాడుట వాడకపోవుట వక్త యిష్టమనియు దీనివలన తేలుచున్నది.

నంద్యాల సభ

ఇఁక ప్రకృతోదాహరణము. 1800 సంవత్సరమున హైదరాబాదు నిజాము ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొని, తన సంరక్షణమునకై యుంచఁబడిన సైన్యపు వ్యయమునకు ప్రతిగా, మైసూరు యుద్ధములవలన తనకు లభించిన ప్రాంతములను కంపెనీకి ఇచ్చివేసెను. నేఁటి బళ్లారి, అనంతపురము, కడప మండలములును కర్నూలు మండలపు భాగములును ఇందు చేరియుండెను. థామస్ మన్రో వీనికి ప్రధాన కలెక్టరుగా నియమింపఁబడెను. కర్నూలు నవాబు రాజ్యము 1839లో కంపెనీ వశమైనది. ఈ ప్రాంతమును దొరలు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్సు’ అనిరి; తెలుఁగువారు దానినే ‘దత్తమండలములు’ అని యనువదించుకొనిరి. నూటయిరువదియేండ్లకు పైఁగా ఆ పేరే కార్యాలయములందును, పాఠ్యపుస్తకములందును, పత్రికలందును నిలిచినది. 1916లో అనంతపురమున స్థాపింపఁబడిన కళాశాలకు సైతము దత్తమండల కళాశాల యనియే పేరు.

వైయాకరణ దృష్టితో ఈ పేరును పరిశీలింపుఁడు. ‘దత్త’ అనునది కర్మణి ప్రయోగమున క్త ప్రత్యయాంతరూపము. ఇచ్చినవాఁడు ఒకఁడు, పుచ్చుకొన్నవాఁడు వేఱొకఁడు. ఇయ్యఁబడిన భూమి కర్మకారకము. అందు నివసించు ప్రజకు ఆ వాక్యమున కర్తృత్వము లేదు సరికదా, ఉనికియే లేదు. ఈ నేల చరిత్ర యన్ననో 1800లో ఆరంభమైనది కాదు. ఆఱవ శతాబ్దపు రేనాటి చోళుల కలమళ్ల శాసనము, తెలుఁగున లభించిన తొలిశాసనములలో నెన్నఁబడునది, ఈ సీమదే. అట్టి దేశమును ఒక దానపత్రముచేత గుర్తించుట, కుటుంబచరిత్ర యెంతయో కలవానిని ‘ఫలానివారు అమ్మివేసినవాఁడు’ అని పిలుచుటవంటిది. ఆ పేరు తిట్టు కాదు. అందు అశ్లీలమును లేదు. అయినను అవమానము కలదు. తిట్టునందే అవమాన ముండునని తలఁచువారు ఈ యంశమును గమనింపవలెను.

1928 నవంబరు 17, 18 తేదీలలో నంద్యాలయందు ఆంధ్రమహాసభ జరిగినది. ఆ సందర్భముననే దత్తమండలముల సభయు కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతను సమావేశమైనది. ‘దత్తమండలములు’ అను పేరును విడిచి ‘రాయలసీమ’ అని వ్యవహరింపవలెనని చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదింపఁగా సభవారు ఆమోదించిరని ప్రసిద్ధి. ఈ నామకరణ ప్రసంగమున గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరును కొందఱు చెప్పుదురు. నారాయణరావుగారు ‘ఆంధ్రభాషా చరిత్రము’ రచించిన భాషాశాస్త్రజ్ఞులు. అనంతపురపు దత్తమండల కళాశాలలో తెలుఁగు ఉపన్యాసకులు. తాము పని చేయు విద్యాలయపు పేరునందలి మాటనే తప్పని చెప్పుట పండితునకు తగిన ధైర్యము.

ఇందు మూఁడు విషయములు విచార్యములు. మొదటిది, ఆ పేరు మాఱుటకు ప్రభుత్వాజ్ఞ కారణము కాదు. ఆ పేరు మోయువారి సభయే కారణము. ప్రతిపాదకులు జన్మచేత శ్రీకాకుళ ప్రాంతీయులే యైనను, దానిని స్వీకరించినవారు సీమవారు. రెండవది, క్రొత్త పేరు దోషరహితము కాదు. ‘రాయల సీమ’ షష్ఠీతత్పురుషము. ఇందును సీమ యొక రాజు సొత్తుగానే యున్నది. అయినను పూర్వనామము పరాజయమును స్మరింపఁజేయఁగా ఉత్తరనామము విజయనగర వైభవమును స్మరింపఁజేయుచున్నది. ప్రజలు తమ స్మృతికి తామే యొక ఆధారమును ఎన్నుకొనిరి. మూఁడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: వారు పేరుతో తృప్తి పడలేదు. తొమ్మిదేండ్లకు, 1937 నవంబరు 16న, మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు గృహమున కోస్తా నాయకులతో ఒడంబడిక చేసికొని, విశ్వవిద్యాలయ కేంద్రమును, తుంగభద్రా కృష్ణా పెన్నా జలములలో ప్రాధాన్యమును, రాజధానియో ఉన్నతన్యాయస్థానమో తమ సీమకు రావలెనను నియమమును వ్రాయించుకొనిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు రాజధాని యయ్యెను. దత్తవస్తువు అడుగఁజాలదు, సీమవాసి అడుగఁగలఁడు. పేరు మాఱుటవలన నీరు రాలేదు గాని, నీరు అడుగువానికి నోరు వచ్చినది.

మూఁడు మార్గములు

సీమకు వర్తించినదే జాతులకును వర్తించును. అవమానకరమైన పేరునుండి విముక్తి పొందుటకు తెలుఁగు దేశమున మూఁడు మార్గములు కనఁబడుచున్నవి.

తామే క్రొత్త పేరు పెట్టుకొనుట ప్రథమమార్గము. 1917 నవంబరున బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను పంచముల మహాసభ జరిగినది. నాలుగు వర్ణములకు వెలుపల అయిదవవారని చెప్పు ‘పంచమ’ శబ్దమును ఆ సభ త్రోసివేసి, తాము ఈ నేలకు ఆదివాసులమను నర్థమున ‘ఆది ఆంధ్రులు’ అను పేరు స్వీకరించినది. 1922లో మదరాసు ప్రభుత్వము ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ శబ్దములను అధికారవ్యవహారమున అంగీకరించినది. అంకెతో వెలివేసినవారికి ఆదిత్వముతో ప్రత్యుత్తర మిచ్చుట ఇందలి విశేషము.

ఇతరులు ప్రేమతో ఇచ్చిన పేరును గ్రహించుట ద్వితీయమార్గము. 1932 మొదలు గాంధీమహాత్ముఁడు ‘హరిజన’ శబ్దమును ప్రచారము చేసెను. ఆయన యుద్దేశము నిష్కల్మషము. అయినను డాక్టరు అంబేద్కరు దీనిని ఒప్పుకొనలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఈ పదము చట్టమున చేర్పఁబడుచుండఁగా ఆయనయు అనుచరులును సభనుండి వెడలిపోయిరి. కాలక్రమమున ఆ మాటయందును పాతతిరస్కారమే వచ్చి చేరినది. 1982లో కేంద్రప్రభుత్వము అధికారపత్రములలో దీనిని వాడవలదని సూచించినది. మాధుర్యము చాలక ఈ పేరు విఫలము కాలేదు; అంగీకారము చాలక విఫలమైనది. ఇటీవలి ‘దివ్యాంగ’ శబ్దమును ఇట్టిదే. 2015లో వికలాంగ శబ్దమునకు బదులుగా ఇది ప్రతిపాదింపఁబడినపుడు, తమకు దివ్యత్వము అక్కఱలేదనియు మెట్లు లేని దారియు విద్యయు ఉద్యోగమును కావలెననియు ఆ సంఘములవారిలో అనేకులు ఆక్షేపించిరి.

నిందితమైన పాతపేరునే తలపై పెట్టుకొనుట తృతీయమార్గము. 1994 జులై 7న ప్రకాశము జిల్లా ఈదుమూడి గ్రామమున మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినది. దాని నాయకులగు మంద కృష్ణగారును అనుచరులును తమ పేర్ల చివర ‘మాదిగ’ శబ్దమును బిరుదమువలె చేర్చుకొనిరి. తిట్టుగా వాడఁబడిన మాటను మోయువాఁడే గర్వముతో పలికినపుడు తిట్టువాని చేతిలోని ఆయుధము మొద్దుపోవును. ఇచ్చటను పేరు ఒంటిగా నడువలేదు. దానితోపాటు రిజర్వేషనుల వర్గీకరణ మను కోరిక నడచినది. మూఁడు దశాబ్దముల పిమ్మట, 2024 ఆగస్టు 1న, భారత సర్వోన్నత న్యాయస్థానము అట్టి వర్గీకరణమునకు రాష్ట్రములకు అధికారము కలదని తీర్పు చెప్పినది.

ఒకటవ మార్గమున పేరు క్రొత్తది, మూఁడవదానియందు పాతది, రెండును నిలిచినవి. రెండవదానియందు పేరు మధురమైనది, అయినను నిలువలేదు. దీనినిబట్టి శబ్దముయొక్క కోమలత్వము ప్రమాణము కాదనియు, ఆ శబ్దమును మోయువారి సమ్మతియే ప్రమాణమనియు తేలుచున్నది.

పేరునకు గల శక్తి ఎట్టిదో తెలియుటకు మఱియొక యుదాహరణము చాలును. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసి, తరువాత దానిని మదరాసు రాజధానికిని వ్యాపింపఁజేసినది. కర్నూలు జిల్లా సిద్ధాపురము, గుంటూరు ప్రాంతపు స్టువార్టుపురము మున్నగు చోట్ల ఎఱుకలు మొదలగువారికి నిర్బంధనివాసము లేర్పడినవి. నేరము చేసినవాఁడు దొంగ యగుట న్యాయము. పుట్టినవాఁడెల్ల దొంగ యని చట్టమే పేరు పెట్టుట అన్యాయము. స్వాతంత్ర్యానంతరము 1952లో ఆ చట్టము రద్దై, వారు ‘విముక్త జాతులు’ అనఁబడిరి. చట్టము పోయినను ఆ పాతపేరు ఊరివారి నోట బహుకాలము మిగిలినది. కాగితముమీఁద మాఱిన పేరు నాలుకమీఁద మాఱుటకు ఒక తరము చాలదు.

పూర్వపక్షము

వాగౌచిత్యమును గూర్చి చెప్పఁబడు ఆక్షేపములు ముఖ్యముగా మూఁడు. వానిని తేలికగా త్రోసివేయుట తగదు.

పేరు మాఱినను తిరస్కారము మాఱదు. ఆ తిరస్కారము క్రొత్తపేరును ఆశ్రయించును. మఱల వేఱొక పేరు వెదకవలసియుండును. కావున ఇది అంతము లేని పని యనునది మొదటి యాక్షేపము. ఇందు సత్యము కలదు. రాయలసీమ శబ్దమే దీనికి సాక్షి. గౌరవముకొఱకు పెట్టుకొన్న ఆ పేరు, ఇరువదవ శతాబ్దపు తుదనుండి చలనచిత్రములవలన కత్తులకును బాంబులకును ముఠాకక్షలకును పర్యాయమై, ఆ సీమవాఁడన్నంతనే ఇతర ప్రాంతముల పరిహాసము వినవలసిన స్థితి వచ్చినది. అయినను దీనివలన పేరు మార్చుట వ్యర్థమని తేలదు. పేరు మార్చుట చాలదని మాత్రమే తేలును. వస్త్రము మఱల మాయునని ఉదుకుట మానువాఁడు లేఁడు.

వాగౌచిత్యము సాహిత్యమునకు హాని చేయుననునది రెండవ యాక్షేపము. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకు రచించిన ‘చింతామణి’ నాటకప్రదర్శనమును 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నిషేధించినది. అందలి సుబ్బిశెట్టి పాత్ర తమ జాతిని కించపఱచుచున్నదని ఆర్యవైశ్య సంఘములవారు చేసిన విజ్ఞప్తి దీనికి కారణము. వ్యవహారము ఉన్నతన్యాయస్థానము వఱకు పోయినది. ఈ నాటకపు ముద్రితపాఠము వేఱు, రంగస్థలమున నటులు కాలక్రమమున చేర్చిన అసభ్యభాషణములు వేఱు. నొప్పి కలిగించినది ప్రధానముగా రెండవది. నిషేధము తగిలినది రెంటికిని. ఆ నొప్పి అబద్ధము కాదు. ఆ చికిత్స మాత్రము రోగమునకు తగినది కాదు.

ఇంతకంటె పూర్వోదాహరణము మఱింత బోధకము. ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ప్రకటింపఁగా, అది అశ్లీలమని 1911లో ప్రభుత్వము నిషేధించినది. టంగుటూరి ప్రకాశముగారి కాలమున ఆ నిషేధము తొలఁగినది. పురుషకవుల శృంగారప్రబంధములు పండితుల బల్లలపై నుండఁగా, దేవదాసీకులమున పుట్టిన యొక స్త్రీ రచనకు మాత్రమే సభ్యత యడ్డము వచ్చుట నాగరత్నమ్మగారి యాక్షేపమునకు మూలము. ఇచ్చట సభ్యత యను పేరుతో జరిగినది బలహీనుల నోరు మూయుట. కావున విషయమునందలి శుచిత్వము వేఱు, వ్యక్తియందలి గౌరవము వేఱు. శుచిత్వముపేరిట గ్రంథములను దాఁచుట వాగౌచిత్యము కానేరదు.

మూఁడవ యాక్షేపము సూక్ష్మమైనది. మాటలకు కావలి పెట్టినచో సత్యము చెప్పుటకు జనులు జంకుదురనియు, విమర్శకు చోటుండదనియు దాని సారము. సత్యమును చెప్పుటకు అవమానకరమైన మాటలే కావలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు. ఒకని వాదమును ఖండించుట విమర్శ. అతని పుట్టుకను ఎత్తిపొడుచుట విమర్శ కాదు. అయితే అవమానమును ఖండించువాఁడు సైతము ఎచ్చట జాఱిపడునో అష్టావక్రుని కథ తెలుపును. ఎనిమిది వంకరల శరీరముతో జనకుని సభకు వచ్చిన యతనిని చూచి సభ్యులు నవ్విరనియు, అతఁడు వారిని తోలు మాత్రమే చూచు చర్మకారులని గర్హించెననియు లోకమున నొక కథ వ్యాపించియున్నది. మహాభారతమునందలి కథలో ఈ యంశము లేదు. ఈ సమాధానమును తరతరములుగా చమత్కారమని మెచ్చుకొనిరి. అందు వికలాంగుని అవమానమునకు ప్రతీకారముగా మఱియొక శ్రమజీవి కులము అవమానింపఁబడినదని గమనించినవారు అరుదు. చెప్పులు కుట్టువాఁడు ఆ సభలో లేఁడు, నవ్వినవాఁడును కాఁడు. ఒకరి గౌరవమును నిలుపుటకు వేఱొకరి గౌరవమును మెట్టుగా వాడుకొనుట వాగౌచిత్యమునకు విరుద్ధము.

సిద్ధాంతము

పై విచారమువలన తేలు సిద్ధాంత మిది. వాగౌచిత్యము నేఁటికిని ఆవశ్యకమే. అయితే దానికి రెండు పరీక్షలు కలవు. ఆ పేరును మోయువారు దానిని ఒప్పుకొనిరా యనునది మొదటిది. ఆ పేరుతోపాటు నడవడియు మాఱినదా యనునది రెండవది. రెండును సిద్ధించిన చోట పేరు నిలుచును. రెండును లేని చోట ఎంత తియ్యని పేరైనను కొలఁదికాలముననే చేదగును. శాసనము సైతము ఈ మార్గముననే నడచినది. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1989 నాఁటి అత్యాచార నిరోధక చట్టము, పదిమంది యెదుట కులముపేరుతో చేయు అవమానమును నేరముగా ఎంచినది. మొదట నడవడి, పిమ్మట మాట. 2023లో సర్వోన్నత న్యాయస్థానము స్త్రీలను గూర్చిన అనుచితపదములను విడువవలెనని సూచించుచు న్యాయమూర్తులకొఱకు కరదీపిక యొకటి ప్రకటించినది. చట్టము శిక్షింపఁగలదు గాని గౌరవమును నేర్పఁజాలదు. నేర్పవలసినవారు వేఱే కలరు.

వారు ఉపాధ్యాయులు, నిఘంటుకారులు, పరిష్కర్తలు. వీరి ధర్మములు ఒకటి కావు. నిఘంటుకారుఁడు ఏ పదమును విడువరాదు. నిందాశబ్దమును సైతము చేర్చి, అది నిందార్థకమని సూచింపవలెను. పదమును దాఁచినచో దానివలన బాధపడినవారి చరిత్రయు దాఁగును. ప్రాచీనగ్రంథ పరిష్కర్త కవి వ్రాసినదానిని మార్పరాదు. పీఠికయందు కాలమును, సందర్భమును వివరింపవలెను. ‘దత్తమండలము’ అను పేరు 1928కి పూర్వపు లేఖలలో నున్నచో దానిని అట్లే ముద్రింపవలయును. లేనిచో ఆ సభవారు దేనిని త్రోసివేసిరో రాఁబోవు తరమునకు తెలియదు.

పాఠశాల పండితుని ధర్మము వీనికంటె కఠినమైనది. అతని చేతిలోనిది గ్రంథము కాదు, సజీవులైన పిల్లలు. ఒక కులపుపేరు సామెతలో వచ్చినపుడు తరగతిలో ఆ కులపు బాలుఁడు తల వంచుకొని కూర్చుండును, తక్కినవారు నవ్వుదురు. ఆ సామెతను భాషాచరిత్రకొఱకు ప్రౌఢవిద్యార్థులకు వివరించుట వేఱు, చమత్కారముకొఱకు బాలుర యెదుట పలుకుట వేఱు. ఒకనిని ‘ఒరే’ అనియు, ధనికుని కుమారుని ‘బాబూ’ అనియు పిలుచు బడిలో పౌరధర్మ పాఠము ఎన్నిమాఱులు చెప్పినను నిష్ఫలము. హాజరుపట్టీలోని పేరుతో, అందఱిని ఒకే విధముగా పిలుచుట అల్పమైన పని. దానికి ద్రవ్యము అక్కఱలేదు, ప్రభుత్వాజ్ఞయు అక్కఱలేదు.

ఈ సీమయందే దీనికి పూర్వసంప్రదాయము కలదు. యాగంటికి చేరువనున్న బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి గోవులను కాచి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెనని చెప్పఁబడు పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో దూదేకుల సిద్ధయ్యయు, మాదిగ కక్కయ్యయు ప్రసిద్ధులు. ఆ సంప్రదాయమున కులముపేరు వ్యక్తినామమునకు ముందు నిలిచియున్నది. అయినను అది వెలివేయుటకు కాక, ఎవరెవరు లోనికి రాఁగలిగిరో తెలుపుటకు నిలిచినది. ఒకే శబ్దము ఒకచోట గోడయగును, మఱియొకచోట గుమ్మ మగును. పలుకువాని మనస్సును బట్టియు, లోపల వేసిన పీటను బట్టియు ఆ భేద మేర్పడును.

2022 ఏప్రిలు 4న నంద్యాల ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది; బనగానపల్లెయు యాగంటియు ఆ జిల్లాలో చేరినవి. దత్తమండల నామము నేఁడు చరిత్రపుటలలో తప్ప వినఁబడదు. అచ్చటి పిల్లవాఁడు తన నేల ఒకనాఁడు సైన్యపు వ్యయముక్రింద ఇయ్యఁబడినదని పాఠ్యపుస్తకమున చదివి తెలిసికొనును గాని, తన పేరుగా మోయుట లేదు. ఆ మాఱుపాటునకు రెండు దినముల సభయు, ఒక భాషాపండితుని సూచనయు కారణములైనవి. మాటలకు విలువ లేదనువారికి ఈ యొక్క యుదాహరణము చాలును. మాటలే చాలుననువారికి, 1928 పిమ్మట 1937 ఏల కావలసివచ్చెనో ఆలోచించుట చాలును.